ఒక్కరే ఉన్న ఊరికీ మేయర్: ఫ్రాన్స్ పల్లెను అర్థం చేసుకోవడం ఎలా?

ఫ్రాన్స్ ఆగ్నేయాన ద్రోమ్ జిల్లాలో రోష్‌ఫూర్షా అని ఒక కొండ ఊరు ఉంది. జనాభా లెక్కల్లో ఏళ్ల తరబడి దాని పేరు పక్కన కనిపించిన అంకె 1. ఒక్కరంటే ఒక్కరే శాశ్వత నివాసి. అయినా ఆ ఊరికి మేయర్ ఉన్నారు, కౌన్సిల్ ఉంది, బడ్జెట్ ఉంది.

మనం వీడియోల్లో చూసే ఫ్రెంచి పల్లె ఇలా ఉండదు. రాతి ఇళ్లు, కిటికీల కింద పూలకుండీలు, మధ్యలో చర్చి, చెట్ల నీడన ఇనుప గుండ్లతో పెతాంక్ ఆడుకునే పెద్దవాళ్లు కనిపిస్తారు. వార్తల్లో కనిపించే పల్లె ఇంకో రకం: బేకరీ మూతపడింది, డాక్టరు లేరు, బడిలో తరగతి ఎత్తేస్తున్నారు, మేయర్ రాజీనామా చేశారు. ఈ రెండూ అబద్ధాలు కావు. రెండూ ఒకే ఊరివి కూడా కావచ్చు. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఒక మాట తెలియాలి. అది ‘కమ్యూన్’.

ఊరు వేరు, కమ్యూన్ వేరు

ఫ్రెంచి చట్టంలో ‘గ్రామం’ అనే పాలనా విభాగం లేదు. ఉన్నది కమ్యూన్ మాత్రమే. 20 లక్షల మంది ఉన్న పారిస్ ఒక కమ్యూన్, ఒక్కరున్న రోష్‌ఫూర్షా కూడా కమ్యూనే. పల్లె కమ్యూన్‌లో సాధారణంగా చర్చి, మేయర్ ఆఫీసు ఉండే నడిబొడ్డును ‘బూర్’ అంటారు. చుట్టూ పొలాల మధ్య నాలుగైదు ఇళ్ల గుంపులుంటే అవి ‘ఆమో’లు, మన శివారు పల్లెల్లాంటివి. ఇవన్నీ కలిపి ఒక కమ్యూన్.

ఇది విప్లవకాలం నాటి ఏర్పాటు. 1789 డిసెంబర్ 14న జాతీయ సభ ప్రతి ఊరికీ, పట్టణానికీ, చర్చి పరిధిలోని ప్రతి జనసమూహానికీ ఒక మున్సిపాలిటీ ఉండాలని నిర్ణయించింది. అప్పటిదాకా ఫాదిరీ పరిధిగా ఉన్న హద్దులే చాలాచోట్ల పౌర పాలన హద్దులయ్యాయి. తర్వాత 1884 ఏప్రిల్ 5 చట్టం దీనికి స్థిరమైన రూపమిచ్చింది: కౌన్సిల్‌ను ప్రజలు ఎన్నుకుంటారు, తమలోంచి మేయర్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. పదవీకాలం ఇప్పుడు ఆరేళ్లు.

నేడు ఫ్రాన్స్‌లో దాదాపు 34,900 కమ్యూన్లు ఉన్నాయి. ఎక్కువ జనాభా ఉన్న జర్మనీలో ఈ స్థాయి స్థానిక సంస్థలు 11,000 లోపే, ఇటలీలో 8,000 లోపే. ఫ్రాన్స్ కమ్యూన్లలో సగానికి పైగా 500 మంది కూడా లేనివి.

ఈ కమ్యూన్ తెలుగు నేలకు కూడా వచ్చింది. 1880లో ఫ్రెంచి ఇండియాను పది కమ్యూన్లుగా విడగొట్టినప్పుడు వాటిలో గోదావరి ఒడ్డునున్న యానాం ఒకటి. 1954లో ముగిసిన ఫ్రెంచి పాలనలో అక్కడ మేయర్ పదవి ఉండేది. రోష్‌ఫూర్షా మేయర్ పదవికీ యానాం మేయర్ పదవికీ మూలం ఒకటే.

నడుముకు మూడు రంగుల పట్టీ కట్టిన పొరుగింటాయన

పల్లె మేయర్‌కు రెండు ముఖాలున్నాయి. ఒకవైపు ఆయన ఊరి ప్రతినిధి: రోడ్లు, శ్మశానం, ప్రాథమిక బడి భవనం, ఊరి భవనాల బాగోగులు చూడాలి. ఇంకోవైపు ఆయన ఊళ్లో ప్రభుత్వ ప్రతినిధి: జనన మరణాల నమోదు, ఎన్నికల నిర్వహణ, పెళ్లిళ్లు. చట్టం దృష్టిలో పెళ్లంటే మేయర్ ఎదుట జరిగిందే. చర్చిలో పెళ్లి కావాలంటే ఈ తంతు ముగిశాకే. పెళ్లి జరుగుతున్నంతసేపూ హాలు తలుపులు తెరిచి ఉంచాలని కూడా నియమం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లోపలికొచ్చి చెప్పడానికి.

మేయర్ ఆఫీసును ‘మేరీ’ అంటారు. చాలా పల్లెల్లో అది ఒక పాత భవనంలో రెండు గదులు. 1880ల్లో ఉచిత, నిర్బంధ విద్య వచ్చాక ఒకే కప్పు కింద ఒకవైపు బడి, ఒకవైపు మేరీ కట్టిన ఊళ్లు వేలకొద్దీ ఉన్నాయి. చాలాకాలం బడిపంతులే మేరీ గుమాస్తా కూడా. ఇప్పుడు ఆ పని చేసే కార్యదర్శి తరచూ రెండు మూడు ఊళ్లకు ఒకరే. వారంలో రెండు పూటలు మాత్రమే మేరీ తెరిచే ఊళ్లున్నాయి. మిగతా సమయంలో మేయర్ ఫోనే ఆఫీసు. రోడ్డుకు అడ్డంగా చెట్టు పడ్డా, ఎవరి ఆవులో కంచె దాటినా, పక్కింటివాళ్లు గొడవ పడ్డా మొదటి కాల్ ఆయనకే.

ఈ దగ్గరితనానికి మూల్యం కూడా ఉంది. 2019 ఆగస్టులో దక్షిణాన వార్ జిల్లాలోని సీన్య్ మేయర్ జాన్-మత్యూ మిషెల్, రోడ్డు పక్కన అక్రమంగా చెత్త పడేస్తున్నవాళ్లను ఆపబోయి వాళ్ల వ్యాన్ కింద పడి చనిపోయారు. ఒక మామూలు విధి నిర్వహణలో మేయర్ ప్రాణం పోవడం దేశాన్ని కదిలించింది. మేయర్ల మీద దాడులు, రాజీనామాల గురించి చర్చ అప్పటినుంచి ఆగలేదు. పల్లె మేయర్‌కు దక్కేది జీతం కాదు, కొద్దిపాటి భత్యం. చాలామందికి వేరే ఉద్యోగమో వ్యవసాయమో ఉంటుంది. లేకపోతే పింఛనుదారులు.

అయినా ఈ చిన్న పదవికి దేశ రాజకీయాల్లో పెద్ద బరువుంది. అధ్యక్ష ఎన్నికల్లో నిలబడాలంటే 500 మంది ఎన్నికైన ప్రతినిధుల సంతకాలు కావాలి. మేయర్లు సంతకం చేయగలరు కాబట్టి, ఆ సీజన్‌లో చిన్న పార్టీల మనుషులు పల్లెల చుట్టూ తిరుగుతారు. సెనేట్ సభ్యుల్ని ఎన్నుకునేది కూడా ప్రధానంగా కౌన్సిళ్లు పంపే ప్రతినిధులే. ఎంత చిన్న కమ్యూన్‌కైనా కనీసం ఒక ఓటు ఉంటుంది. కమ్యూన్ల సంఖ్య తగ్గించే ప్రయత్నాలు ఎందుకు ముందుకు సాగవో దీంతో చాలావరకు అర్థమవుతుంది. పల్లెల ఓట్లతో గెలిచిన సెనేట్ పల్లెల్ని రద్దు చేయమంటే చేయదు.

చర్చి కప్పు కారితే బిల్లు ఎవరికి?

ఫ్రాన్స్ లౌకిక రాజ్యం. 1905 డిసెంబర్ 9 చట్టం మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసింది. కానీ అప్పటికే ఉన్న ఊరి చర్చిలు ఎవరివన్న తగాదా ముదిరి, చివరికి అవి కమ్యూన్ల ఆస్తిగా మిగిలాయి. అంటే మతానికి డబ్బివ్వని ప్రభుత్వ వ్యవస్థలోనే, చర్చి గోడల బాగోగులు ఊరి బడ్జెట్ మీద పడ్డాయి. ఇప్పుడు ఒక్కో ఫాదిరీ పదుల చర్చిలు చూస్తున్న ప్రాంతాలున్నాయి. కొన్ని ఊళ్లలో పూజ నెలకో, పండక్కో, చావుకో మాత్రమే. కప్పు మాత్రం ప్రతి వానకూ కారుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన ఊరు. జనాభా 240. చర్చి కప్పు మరమ్మతుకు పన్నులు కాక 1,50,000 యూరోలు అవుతుందనుకుందాం. ప్రభుత్వం, జిల్లా, ప్రాంతీయ సంస్థలు సాయం చేయొచ్చు. అయితే సాధారణంగా కమ్యూన్ తన వంతుగా కనీసం 20 శాతం పెట్టుకోవాలి. అన్ని సాయాలూ కలిసొస్తే ఊరి వాటా 30,000 యూరోలు. మనిషికి 125 యూరోలు, పిల్లలతో సహా. ఒకచోట సాయం రాక మొత్తం సగానికి ఆగిపోతే ఊరి వాటా 75,000. మనిషికి 312 యూరోలు దాటుతుంది. అదే ఏడాది బడి వంటగది బాగు చేయాల్సి వస్తే?

కౌన్సిల్ సమావేశంలో నిజంగా జరిగే వాదన ఇదే. దేవుణ్ని నమ్మనివాళ్లు కూడా తరచూ కప్పు వైపే చెయ్యెత్తుతారు. ఆ గంట స్తంభం ఊరి ముఖం. సొంత ఊరి మీద అభిమానాన్ని ఫ్రెంచి వాళ్లు ‘గంట స్తంభపు మనసు’ అనే అంటారు. కొంచెం సంకుచితం అన్న నింద కూడా ఆ మాటలోనే ఉంటుంది.

ఊళ్లు ఖాళీ అయిన తీరు

దాదాపు ప్రతి ఊళ్లోనూ, మేరీ దగ్గరో చర్చి దగ్గరో ఒక యుద్ధ స్మారకం ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ 13 లక్షలకు పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. రాతి మీద పేర్లు చదువుతుంటే ఒకే ఇంటిపేరు రెండుసార్లు, మూడుసార్లు వస్తుంది. 300 మంది ఊళ్లో 15 పేర్లుంటే, అది ఒక తరం మగవాళ్లలో ఎంత భాగమో ఊహించుకోవచ్చు. ఏటా నవంబర్ 11న మేయర్ ఆ పేర్లు ఒక్కొక్కటీ చదువుతారు. నార్మండీలోని త్యెర్‌విల్ అనే చిన్న ఊరికి స్మారకం లేదు. 1870లో, 1914-18లో, 1939-45లో యుద్ధానికి వెళ్లిన ఆ ఊరివాళ్లంతా తిరిగొచ్చారు. ఒక ఊరు అందుకే ప్రసిద్ధమైందంటే మిగతా ఊళ్ల సంగతి అర్థమవుతుంది.

యుద్ధం ఒక్కటే కారణం కాదు. 19వ శతాబ్దం మధ్య నుంచే జనం పట్టణాల బాట పట్టారు. 1930ల మొదట్లో పట్టణ జనాభా పల్లె జనాభాను దాటింది. ఆ తర్వాత ట్రాక్టరు వచ్చింది. 1955లో దేశంలో 23 లక్షల వ్యవసాయ క్షేత్రాలుండేవి. 2020 గణనలో అవి 4 లక్షల లోపుకు వచ్చాయి. పొలాలు ఎక్కడికీ పోలేదు, ఒక్కో రైతు కిందికి చేరాయి. ఒకప్పుడు ఊరంతా రైతులే ఉన్నచోట ఇప్పుడు ఇద్దరో ముగ్గురో ఉంటారు. తరచూ ఊళ్లో వాళ్లే మైనారిటీ.

‘పల్లె చచ్చిపోతోంది’ అన్న మాటలో నిజమెంత?

ఇక్కడే ఎక్కువ గందరగోళం. ఫ్రాన్స్ గణాంక సంస్థ కొత్త కొలమానం ప్రకారం, కమ్యూన్లలో 88 శాతం గ్రామీణమే, జనాభాలో మూడో వంతు అక్కడే ఉంటున్నారు. అంటే పల్లె జనం మాయమవలేదు. 1970ల నుంచి మొత్తంగా చూస్తే మళ్లీ పెరిగారు కూడా.

కానీ ఆ పెరుగుదల అన్నిచోట్లా లేదు. నగరానికి అరగంట దూరంలోని పల్లెలో కొత్త ఇళ్లు లేస్తాయి. పొద్దున ఏడింటికి కార్లన్నీ వెళ్లిపోతాయి, సాయంత్రం తిరిగొస్తాయి. ఈశాన్యంలోని మ్యూజ్ నుంచి నైరుతిలోని లాండ్ దాకా దేశానికి అడ్డంగా సాగే పలచని పట్టీ ఇంకొకటి. దాన్ని ‘శూన్య కర్ణం’, అంటే ఖాళీగా సాగే ఏటవాలు గీత, అంటారు. అక్కడ చాలా ఊళ్లు ఇంకా తగ్గుతూనే ఉన్నాయి. మూడో రకం, సెలవుల ఇళ్లున్న ఊళ్లు. దేశంలోని ఇళ్లలో దాదాపు పదో వంతు రెండో ఇళ్లే. ఆగస్టులో కిటికీలన్నీ తెరుచుకుంటాయి, నవంబరులో వీధి వీధంతా మూసి ఉంటుంది. కొరెజ్ జిల్లాలో ఎర్ర ఇసుకరాతితో కట్టిన కొలోంజ్-లా-రూజ్ అందం చూడ్డానికి ప్రపంచం వస్తుంది. ‘ఫ్రాన్స్‌లో అతి అందమైన గ్రామాలు’ అనే సంఘం 1982లో పుట్టింది ఆ ఊరి మేయర్ చొరవతోనే. ఆ గుర్తింపుతో దుకాణాలకు వ్యాపారం వస్తుంది, ఇళ్ల ధరలూ పెరుగుతాయి. అక్కడే పుట్టిన యువ జంటకు ఇల్లు దొరకడం మాత్రం కష్టమవుతుంది.

కాబట్టి ఎవరైనా పల్లె చచ్చిపోతోందంటే నేను అడిగే ప్రశ్న: మనుషులు తగ్గారా, అంగళ్లు తగ్గాయా? జనం పెరుగుతూనే బేకరీ మూతపడిన ఊళ్లున్నాయి. కారున్నవాడు నగరంలో ఆఫీసు పక్కనే సూపర్‌మార్కెట్‌లో రొట్టె కొనుక్కుని వస్తాడు.

రొట్టె, కెఫే, బడి

బగెట్ రొట్టె చేసే నైపుణ్యానికి 2022లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అదే సమయంలో బేకరీ లేని పల్లెల్లో రొట్టె వ్యాన్ హారన్ కొట్టుకుంటూ వస్తోంది. లేదా మేరీ పక్కన రొట్టెలిచ్చే మెషీన్ పెట్టారు. కొన్నిచోట్ల కిరాణా, పోస్టాఫీసు కౌంటర్, రొట్టె, న్యూస్‌పేపర్ అన్నీ ఒకే కొట్లో. ఆ కొట్టు గది కమ్యూన్‌దే, తక్కువ అద్దెకిచ్చి నిలబెడుతుంది. కెఫేల సంగతీ అంతే. 1960లో దేశంలో దాదాపు 2 లక్షలుండేవని చెబుతారు. ఇప్పుడు 40,000 లోపే. కెఫే పోతే పోయేది కాఫీ కాదు. ఒంటరిగా ఉండే పెద్దాయన పొద్దున్నే నలుగురికి ‘బోఁజూర్’ చెప్పే చోటు పోతుంది. మిగిలిన పలకరింపుల చోట్లు ఊరి సంఘాల చేతుల్లో ఉన్నాయి: ఉత్సవ కమిటీ, వేటగాళ్ల సంఘం, వృద్ధులకు ఏటా పెట్టే భోజనం, జులై 14న అందరూ బల్లలు కలిపి తినడం. మంటలార్పే సిబ్బంది కూడా దేశంలో దాదాపు 80 శాతం వాలంటీర్లే. పల్లెలో సైరన్ మోగితే మెకానిక్ పానా కింద పెట్టి పరుగెత్తుతాడు.

బడి విషయంలో టెన్షన్ ఏటా చలికాలంలో మొదలవుతుంది. విద్యాశాఖ ఏ తరగతి తెరవాలో, ఏది మూయాలో అప్పుడే తేలుస్తుంది. పిల్లలు చాలని ఊళ్లు పంచుకుంటాయి: చిన్న తరగతులు ఒక ఊళ్లో, పెద్ద తరగతులు పక్క ఊళ్లో, మధ్యలో బస్సు. 2019లో ఆల్ప్స్ కొండల్లోని క్రే-ఆం-బెల్‌దోన్‌లో తరగతి మూసేస్తామంటే, తల్లిదండ్రులు 15 గొర్రెల్ని బడిలో చేర్పించి సంఖ్య పెంచారు. ప్రపంచం నవ్వింది. అంకె ఒక్కటే చూస్తున్నారన్నదే ఆ తల్లిదండ్రుల బాధ.

కోడి కూతకు చట్టం

పాతవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు కలిసి ఉండడంలోని ఇబ్బందికి ప్రతీక ఒక కోడిపుంజు. అట్లాంటిక్ తీరంలోని ఓలెరోఁ దీవిలో మోరీస్ అనే పుంజు తెల్లవారుజామున కూస్తోందని, అక్కడ సెలవుల ఇల్లున్న పొరుగువారు కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరులో కోర్టు పుంజు పక్షానే తీర్పిచ్చింది. 2021 జనవరి 29న పల్లె ‘ఇంద్రియ వారసత్వ’ చట్టం వచ్చింది: పల్లె శబ్దాలు, వాసనలు కూడా ఆ ప్రదేశం లక్షణాలేనని గుర్తించింది. 2024లో ఇంకో చట్టం, నువ్వు రాకముందే చట్టబద్ధంగా సాగుతున్న పనిపై, అది అలాగే సాగుతుంటే, పొరుగు ఇబ్బంది పేరుతో దావా నిలవదన్న సూత్రాన్ని బలపరిచింది.

కొత్తవాళ్లందరూ ఫిర్యాదుదారులని అనుకోవద్దు. వాళ్ల పిల్లల వల్లే బడి నిలబడిన ఊళ్లున్నాయి. ఉత్సవ కమిటీలో కుర్చీలు మోసేదీ తరచూ వాళ్లే.

పేరు కొట్టేసే హక్కు పోయింది: కొత్త ఎన్నికల పద్ధతి

2025 మే 21 నాటి చట్టం, 1,000 మంది లోపు కమ్యూన్లలో ఎన్నిక తీరును మార్చింది. 2026 మార్చి ఎన్నికల నుంచి అదే వర్తిస్తుంది. అంతకుముందు ఓటరు కాగితం మీద నచ్చనివారి పేరు కొట్టేసి, వేరే అభ్యర్థి పేరు రాసుకోవచ్చు. ఓట్లు మనిషి మనిషికీ లెక్కపెట్టేవారు. ఇప్పుడు జాబితా మొత్తానికే ఓటు. జాబితాలో ఒక స్త్రీ, ఒక పురుషుడు వరుసగా ఉండాలి.

మన ఊహా గ్రామాన్నే తీసుకుందాం. 100 నుంచి 499 మంది ఉన్న ఊరికి 11 సీట్లు. 160 మంది ఓటేశారు. ఒక జాబితాకు 100, ఇంకోదానికి 60. ముందు గెలిచిన జాబితాకు సగం సీట్లు, అంటే 6. మిగిలిన 5 ఓట్ల నిష్పత్తిలో: 32 ఓట్లకు ఒక సీటు చొప్పున మొదటిదానికి 3, రెండోదానికి 1. మిగిలిన ఒక్కటి సగటు ఎక్కువున్న రెండో జాబితాకు. చివరికి 9, 2. ఓట్లలో మూడో వంతు దాటినా చేతికొచ్చినవి రెండు సీట్లు.

సమర్థించేవాళ్ల మాట: చిన్న ఊళ్ల కౌన్సిళ్లలో స్త్రీలు తక్కువగా ఉన్నారు, ఇది సరిదిద్దుతుంది. కలిసి పనిచేసే జట్టు కూడా వస్తుంది. కాదనేవాళ్ల మాట: 80 మంది ఊళ్లో ఇద్దరు మనుషుల మధ్య కోపతాపాలే రాజకీయం. అక్కడ జాబితా కట్టడమే కష్టం, ఒకే జాబితా వస్తే ఓటరుకు ఎంపికే లేదు. సభ్యుల సంఖ్యకు రెండు పేర్లు తక్కువున్నా జాబితాను అంగీకరించేలా చట్టంలో వెసులుబాటు పెట్టింది ఇందుకే. నాకు రెండు వాదాల్లోనూ బలం కనిపిస్తోంది. అయితే పేరు కొట్టేసే పెన్ను ఊరి మనిషికి ఇచ్చిన తృప్తిని జాబితా ఇవ్వలేదనే అనుకుంటాను.

కలపాలా, వదిలేయాలా?

ఇంత చిన్న కమ్యూన్లు దండగ అనేవాళ్లు లెక్కలు చూపిస్తారు: 240 మంది ఊరు ఇంజినీరును పెట్టుకోలేదు, మురుగునీటి ప్లాంటు కట్టలేదు. అందుకే పొరుగు ఊళ్లు కలిసి పనులు పంచుకునే ‘కమ్యూన్ల సముదాయాలు’ పుట్టాయి. 2015 ఆగస్టు చట్టం వాటికి సాధారణంగా 15,000 మంది కనీస పరిమాణం పెట్టింది, కొండ ప్రాంతాలకు సడలింపుతో. మంచినీటి బాధ్యతను కూడా తప్పనిసరిగా వాటికి అప్పగించాలన్న నియమంపై ఊళ్లు ఏళ్ల తరబడి పోరాడాయి. 2025 ఏప్రిల్‌లో, అప్పటికి అప్పగించని ఊళ్లకు ఆ తప్పనిసరి తొలగింది. చెలమ నీళ్లు తామే చూసుకుంటున్న కొండ ఊళ్లకు అది పెద్ద గెలుపు.

వదిలేయమనేవాళ్లు అడిగేది వేరు: సముదాయం ఆఫీసు 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే రాత్రి చెట్టు పడినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి? 2018 నవంబరులో డీజిల్ పన్నుపై పసుపు జాకెట్ల ఉద్యమం లేచినప్పుడు, ప్రజల గోడు రాసుకునే పుస్తకాలు తెరిచింది చిన్న మేరీల్లోనే. విప్లవానికి ముందు, 1789లో ఊరూరా రాసిన గోడు పుస్తకాలను జనం అప్పుడు గుర్తు చేసుకున్నారు.

స్వచ్ఛందంగా కలిసిపోయే ఊళ్లకు ‘కొత్త కమ్యూన్’ అనే దారి ఉంది. 2015లో 36,600కు పైగా ఉన్న సంఖ్య తగ్గింది ఎక్కువగా దానివల్లే. అలా కలిసినా పాత ఊరు కోరుకుంటే తన పేరు, ఒక ఉప మేయర్, ఒక చిన్న మేరీ ఉంచుకోవచ్చు.

వెర్దున్ దగ్గర ఆరు ఊళ్లు మాత్రం ఎందులోనూ కలవలేదు. 1916 యుద్ధంలో నేలమట్టమైన ఆ ఊళ్లలో ఇప్పుడు జనాభా సున్నా. ప్రభుత్వం వాటిని కమ్యూన్లుగానే ఉంచింది. ఓటర్లు లేరు కాబట్టి మేయర్‌ను జిల్లా అధికారి నియమిస్తారు. వాటిలో ఒకటైన ఫ్లరీ ఊరు ఆ ఏడాది వేసవిలో 16 సార్లు చేతులు మారిందని చెబుతారు. ఇప్పుడక్కడ అడవి పెరిగింది. బాంబుల గుంటల మధ్య నడిచే దారి పక్కన చిన్న చిన్న గుర్తులు పాతి ఉన్నాయి: ఇక్కడ కమ్మరి, ఇక్కడ రైతు ఇల్లు, ఇక్కడ బేకరీ, ఇక్కడ బడి.